మీ ప్రశ్న – మా జవాబు: మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా?

ప్రశ్న: మా తమ్ముడికి చిన్నప్పుడు ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) చర్చిలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయింది. ఇప్పుడు బాప్టిస్టు సంఘం అమ్మాయితో సంబంధం కుదిరింది. మళ్లీ నీళ్లలో మునగాలంటున్నారు. పాతకాలంలోనూ ఈ తగవు ఉండేదా? అప్పటి పోపు ఏమన్నారు? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ఉండేదమ్మా. క్రీ.శ. 255, 256 సంవత్సరాల్లో రోము, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి సంఘాలు దీన్ని తెగేదాకా లాగాయి. కాకపోతే ఒక తేడా ఉంది. మీ ఇంట్లో లేచిన ప్రశ్న ‘ఏ వయసులో, ఎలా ఇచ్చారు’ అని. వాళ్లది ‘ఎవరిచ్చారు’ అని.

దీని మొదలు 250లో ఉంది. అందరూ దేవతలకు బలి అర్పించి అధికారుల దగ్గర చీటీ రాయించుకోవాలని డెసియస్ చక్రవర్తి ఉత్తర్వు వేశాడు. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు అర్పించేశారు. కొందరు బలి జోలికి పోకుండా లంచమిచ్చి చీటీ సంపాదించుకున్నారు. హింస తగ్గాక వీళ్లను తిరిగి చేర్చుకోవడం రోము పాదిరి నోవాషియన్‌కు గిట్టలేదు. 251లో రోములోనే పోటీ బిషప్‌గా నిలబడి వేరు కుంపటి పెట్టాడు. అక్కడ బాప్తిస్మం పొందినవాళ్లు కొన్నేళ్లకు తిరిగొస్తే ఏం చెయ్యాలి?

తలమీద చేతులుంచి చేర్చుకోండి, బాప్తిస్మం మళ్లీ వద్దు అన్నాడు రోము బిషప్, అంటే అప్పటి పోపు, స్తెఫాను. కార్తేజి బిషప్ సిప్రియన్ ఒప్పుకోలేదు. సంఘం బయట బాప్తిస్మమే లేదు, కాబట్టి మేమిచ్చేది రెండోది కాదు, మొదటిదే అన్నాడు. (పసితనపు జ్ఞానస్నానం గురించి మన బాప్టిస్టు పెద్దలూ అచ్చం ఇదే మాట అంటారు.) 256 సెప్టెంబరు 1న కార్తేజిలో కూడిన 87 మంది బిషప్పులూ సిప్రియన్ వైపే నిలిచారు. యేసు శిష్యుడు పేతురు పీఠం నాదని స్తెఫాను గట్టిగా చెప్పినా ఆఫ్రికా వాళ్లు తలవంచలేదు. 257లో స్తెఫాను చనిపోయాడు, 258లో రోమన్ ప్రభుత్వం సిప్రియన్ తల నరికించింది. తగవు తేలకుండానే చల్లబడింది.

తీర్పు 314లో ఆర్ల్ (ఇప్పటి ఫ్రాన్స్) బిషప్పుల సభలో వచ్చింది. తిరిగొచ్చినవాణ్ణి విశ్వాస ప్రమాణం అడగాలి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం పొందాడని తేలితే చేతులుంచితే చాలు. తేలకపోతే బాప్తిస్మం ఇవ్వాలి. అన్నట్టు, ఇంత పట్టుబట్టిన సిప్రియనే మంచం పట్టిన రోగికి నీళ్లు చిలకరించి ఇచ్చినా చెల్లుతుందని రాశాడు.

మీ తమ్ముడి సంగతికొస్తే, ముందు విచారణ గురువుల (ఆ చర్చి ఫాదర్) దగ్గర రిజిస్టరు చూపించి సర్టిఫికెట్టు తీసుకోండి. నీళ్లతో, త్రిత్వ నామంలో ఇచ్చిన బాప్తిస్మం ఏ సంఘానిదైనా కేథలిక్కులు సాధారణంగా మళ్లీ ఇవ్వరు. బాప్టిస్టులు మాత్రం పసివాళ్లకిచ్చినదాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే రెండువైపుల పెద్దల్నీ కూర్చోబెట్టడం మంచిది.

ప్రశ్న: ఫోనూ రైలూ లేని రోజుల్లో రోము మాట దూరపు సంఘాలకు ఎలా చేరేది? దొంగ ఉత్తరాలు పుట్టేవి కావా? (కావలి)

జవాబు: సంఘ పరిచారకుల చేతికిచ్చి ఉత్తరాలు పంపేవారు. చలికాలంలో ఓడలు దాదాపు ఆగిపోయేవి కాబట్టి జవాబుకు నెలలు పట్టేది. అనుమానాలూ ఉండేవి. రోము నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో రాత, విషయం, చివరికి కాగితం కూడా తేడాగా కనిపించి, ఇది మీదేనా చూడండంటూ సిప్రియన్ తిప్పి పంపాడు.

మోసం లేకుండానే జరిగిన పొరపాటు ఇంకా పెద్దది. ఆఫ్రికాలో శిక్షపడిన అపియారియస్ అనే పాదిరి రోముకు అప్పీలు చేసుకున్నాడు. పోపు జోసిమస్ అతని పక్షం వహించి 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ నిబంధనలను ఆధారం చూపాడు. నిజానికి అవి 343లో సార్డికా సభ చేసినవి. రోము పుస్తకంలో నైసియావాటి కిందే వరసగా రాసి ఉండడంతో అన్నీ ఒకటే అనుకున్నారు. 419లో ఆఫ్రికా బిషప్పులు కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియాల నుంచి ప్రతులు తెప్పించి సరిచూశారు. వాటిలో ఉన్నవి 20 నిబంధనలే, పోపు చూపినవి వాటిలో లేవు.

ప్రశ్న: 325 నైసియా సభకు పోపు అధ్యక్షుడా? (నెల్లూరు)

జవాబు: కాదు. అప్పటి పోపు సిల్వెస్టర్ అసలు వెళ్లనే లేదు, ఇద్దరు పాదిరీలను పంపాడు. సభను పిలిచింది కాన్‌స్టాంటైన్ చక్రవర్తి.

ప్రశ్న: ఈస్టర్ తేదీ మొదట్నుంచీ పోపు చెప్పిందేనా? (సింగరాయకొండ)

జవాబు: చెప్పబోయి ఇబ్బందిపడ్డవాళ్లున్నారు. ఆసియా (ఇప్పటి పశ్చిమ టర్కీ) సంఘాలు రోములా ఆదివారం కోసం చూడకుండా, వారంలో ఏ రోజైనా సరే యూదుల నీసాను నెల 14నే పండుగ చేసేవి. 190 ప్రాంతంలో పోపు విక్టర్ వాళ్లతో సహవాసం తెంచబోతే, లియోన్ బిషప్ ఇరేనియస్ మందలించాడు. మీకు ముందున్న పోపు అనిసెటస్ ఈ విషయంలో ఆసియా బిషప్ పాలికార్పుతో ఏకీభవించకపోయినా ఇద్దరూ కలిసి ప్రభువు బల్ల పంచుకున్నారు కదా అని గుర్తుచేశాడు.

నైసియా తరువాత అందరికీ ఆదివారమే ఖాయమైంది గానీ లెక్కలు కలవలేదు. అలెగ్జాండ్రియాది 19 ఏళ్ల చక్రం, రోముది 84 ఏళ్లది. 455లో రోము లెక్కకు ఏప్రిల్ 17 వచ్చింది, అలెగ్జాండ్రియాకు 24. పోపు లియో తన లెక్కే సరైనదని నమ్ముతూనే 24కు ఒప్పుకున్నాడు.