రాసే ముందు ఎం బుక్ చూడు

తమ్ముడూ,

మీ మండలంలో వేయని సీసీ రోడ్డుకు బిల్లు ఎత్తారని, రేపే పత్రికలో వార్త రాసేస్తానని మెసేజ్ పెట్టావు. రేపు వద్దు. ఇప్పుడు నీ దగ్గరున్నవి ఒకరి మాట, రెండు ఫొటోలు. వాటితో రాస్తే మర్నాడు ఖండన వస్తుంది, వారం తిరిగేలోపు కొత్త సిమెంటు పడుతుంది, ఇక నువ్వేం నిరూపించలేవు.

ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం బుక్ (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్), బిల్లు సంపాదించు. వీటిలో ఎం బుక్ ప్రాణం. ఏ తేదీన ఎంత పొడవు, ఎంత మందం కొలిచారో ఇంజినీరు సంతకంతో ఉండేది అందులోనే. ఆ పేజీ, ఒక టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) నకళ్లకే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, మెటీరియల్ శాంపిల్ తీసుకోవడానికి కూడా హక్కిచ్చింది. మనవాళ్లు ఈ హక్కును పెద్దగా వాడరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లు. ఈలోగా ఊళ్లో తిరుగుతూ ఉండు.

నాకు ఎక్కువ బెంగ నీకు ఈ విషయం చెప్పిన ఆఫీసు మనిషి గురించే. ఆయనిచ్చిన జిరాక్సును అచ్చు వేయొద్దు. మూలన ఉన్న చిన్న చేతిరాతను బట్టి కూడా అది ఎవరి ఫైల్లోంచి వచ్చిందో పట్టేస్తారు. అదే కాగితాన్ని ఆర్టీఐలో అడుగు. అదీ ఆ ఒక్క రోడ్డుకే కాకుండా, ఆ ఏడాది మండలంలో వేసిన రోడ్లన్నిటికీ అడుగు. అప్పుడు నీ చూపు దేనిమీద ఉందో వాళ్లకు తెలియదు. కోర్టులో సోర్స్ పేరు చెప్పకుండా ఉండే హక్కును విలేకరికి నేరుగా ఇచ్చే చట్టం మనకు లేదు. ఆయన ఉద్యోగం నీ చేతుల్లో ఉంది తమ్ముడూ.

కాంట్రాక్టరుకు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇచ్చి, రెండు మూడు రోజులు గడువివ్వు. పేజీ పెట్టే వేళకు ఒక ఫోన్ కొట్టి ‘అందుబాటులోకి రాలేదు’ అని రాసేయడం అన్యాయం. అచ్చయిన వార్తల పొడవును బట్టి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకే చాలవని, యాడ్ టార్గెట్ నెత్తిన ఉంటుందని తెలుసు. కానీ ఆ కాంట్రాక్టరు దగ్గర ఎప్పుడైనా పండగ యాడ్ తీసుకుని ఉంటే, ఆ సంగతి ఎడిటర్‌కు చెప్పి వార్త వేరేవాళ్లకు అప్పగించు.

చిన్న పత్రికలో రాస్తే ఎవరు పట్టించుకుంటారని అడిగావు కదా. భోపాల్‌లో రాజ్‌కుమార్ కేశ్వానీది ‘రపట్’ అనే చిన్న హిందీ వారపత్రిక. 1981 డిసెంబర్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఫాస్జీన్ అనే విషవాయువు లీకై ఒక కార్మికుడు చనిపోయాక ఆయన ఆరా మొదలుపెట్టారు. కార్మికులను కలిశారు, కంపెనీ భద్రతా నివేదిక సంపాదించారు, ఆ వాయువు గాలి కన్నా బరువని చదివి తెలుసుకున్నారు. 1982లో ఊరికి ముప్పుందని రాశారు. ఎవరూ కదల్లేదు. 1984 జూన్‌లో ‘జన్‌సత్తా’ అనే హిందీ దినపత్రికలో మళ్లీ రాశారు. ఆ డిసెంబర్‌లో అదే ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై వేలమంది చనిపోయారు. ఆయన మాట విననందుకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఒకసారి రాసి ఊరుకోకుండా మళ్లీ రాశారు చూడు, నువ్వు నేర్చుకోవాల్సింది అదే. నీ వార్త వచ్చాక విచారణాధికారి ఎవరు, రికవరీ నోటీసు ఇచ్చారా, డబ్బు కట్టించారా అని నెలనెలా అడుగు.

కాగితాలన్నీ స్కాన్ చేసి ఒక కాపీ నాకు పంపు. ఎం బుక్ నకలు రాగానే ఇంటికి రా, పేజీ పేజీ ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అన్న