‘లేవరా’ను ‘లేవండి’ చేయవచ్చా?

సందేహం: చైనాతో యుద్ధం జరిగిన 1962లో మా నాన్నగారు బడిపిల్లల కోసం ఒక పాట కట్టారు. ‘మంచుకొండ పిలిచెరా, మగత వీడి లేవరా’ అని మొదలవుతుంది. మొన్న ఆగస్టు 15న మా పిల్లలు పాడుతుంటే, ముఖ్య అతిథిగా వచ్చిన మాజీ సుబేదారు గారు ‘నన్ను రా అంటారేంటండీ!’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఇబ్బందిగా అనిపించింది. ‘లేవండి’ అని మార్చవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం

సమాధానం: వద్దు. కోనసీమలో ఉన్నవారికి ఈ సందేహం రావడం సహజమే. ‘ఆయ్’, ‘అండి’ పడందే అక్కడ మాట ముగియదు కదా! కానీ పాటలో వచ్చే ‘రా’ చనువుతో పిలిచే పిలుపు. త్యాగయ్య ‘రారా మా యింటిదాకా’ అన్నది సాక్షాత్తూ రాముణ్ణి. యుద్ధకాలపు పాట ఊరంతటినీ పిలవాలి, అయినా విన్న ప్రతివాడికీ తననే పిలిచినట్టుండాలి. ఏకవచనం వేసేది అందుకే.

అసలు చిక్కు నడకతో. మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంత సేపు; దీర్ఘానికీ, సున్నా ఉన్న అక్షరానికీ రెండేసి. మీ పాట మూడేసి మాత్రల్లో నడుస్తుంది: మగత – వీడి – లేవ – రా. చివరి ‘రా’ రెండు మాత్రలే అయినా దీర్ఘం కాబట్టి కాస్త సాగదీసి మూడోది నింపుకుంటాం. ‘లేవండి’ పెట్టి పాడి చూడండి. మాత్రలు అయిదుకి అయిదూ ఉన్నాయి, లెక్క తప్పలేదు. కానీ డ్రమ్ము దెబ్బ ‘వం’ మధ్యలో పడుతుంది. చివర మిగిలిన ‘డి’ హ్రస్వం, సాగదు. పైగా చుట్టాన్ని కాఫీకి లేపుతున్నట్టుంటుంది!

శ్రీశ్రీ రెండూ వాడాడు. ‘పదండి ముందుకు’ నాలుగేసి మాత్రల నడక, ‘పదండి’ సరిగ్గా నాలుగు. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) సినిమాకి రాసి జాతీయ అవార్డు అందుకున్న ‘తెలుగు వీర లేవరా’ మీ నాన్నగారి పాటలాగే మూడేసి. ‘పదండి’లో ఉన్నది మర్యాద కన్నా బహువచనమే, పదిమందినీ కలిపి పిలవడం. మనకు రెండింటికీ ‘అండి’ ఒక్కటే కావడంతో ఈ తిరకాసు. గురజాడ 1910లోనే ‘దేశమును ప్రేమించుమన్నా’ అని, ‘అన్నా’తో చనువునూ గౌరవాన్నీ కలిపేశాడు.

మీరు అడగని సంగతి ఒకటుంది, నాకైతే అదే ముఖ్యం. ‘రా’ మగవాళ్లను పిలిచేది. సైన్యంలో ఆడవాళ్లూ ఉన్న ఈ రోజుల్లో ఎన్‌సీసీ అమ్మాయిల చేత ‘లేవరా’ అనిపించడం నాకూ ఎబ్బెట్టుగానే ఉంటుంది. అలాగని ‘లేవవే’ అంటే దెబ్బలాటలా ఉంటుంది. వాళ్లు పాడేటప్పుడు మాత్రం ‘మంచుకొండ పిలిచె నేడు, మగత వీడి కదులుదాం’ అనిపించండి. ‘కదులు’ మూడు మాత్రలు, ‘దాం’ రెండు, సాగదీయడానికి దీర్ఘమూ ఉంది. నాన్నగారి మాట మాత్రం రాతలో అలాగే ఉంచి, ఇది పక్కన రాసుకోండి.