చెంపదెబ్బ ఒకటేనా లెక్క?

ప్రశ్న: మాది హన్మకొండ. పెళ్లై ఆరేళ్లు. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. నా ఫోనులో ఏముందో రోజూ వెతుకుతారు, నలుగురిలో తిడతారు, ఎదురు చెబితే కాళ్లు విరగ్గొడతానంటారు. రెండేళ్లుగా బతుకమ్మకు కూడా నర్సంపేటలోని పుట్టింటికి పంపలేదు. ఈ ఏడాది ఒకసారి చెంప మీద కొట్టారు, నేను తోసేశాను. ఇంట్లో హింసను కొలిచే ప్రశ్నావళి ఒకటి స్నేహితురాలు ఇస్తే నింపాను, ఇద్దరికీ చెరొక మార్కు వచ్చింది. ఇది హింసేనా?

జవాబు: హింసేనమ్మా. మీరిద్దరూ సమానమని ఆ కాగితం చెప్పినా నమ్మకండి.

అలాంటి ప్రశ్నావళులకు మూలం అమెరికా సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ 1979లో ప్రచురించిన కొలమానం. ఎవరు ఎన్నిసార్లు చేయి చేసుకున్నారో అది లెక్కిస్తుంది. కొట్టిన చేయి, అడ్డుకున్న చేయి అందులో ఒకేలా కనిపిస్తాయి. 1996లో సవరించి గాయాల ప్రశ్నలు చేర్చారు కానీ, ఎవరు ఎవరికి భయపడి బతుకుతున్నారన్నది అడగనేలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే. ఆయన బండి చప్పుడు వినగానే మీకేమవుతుంది?

వైద్యులు వాడే ‘హిట్స్’ అనే పద్ధతిలో నాలుగే ప్రశ్నలు: కొట్టడం, అవమానించడం, హాని చేస్తానని బెదిరించడం, అరవడం లేదా తిట్టడం. ఎన్నడూ లేకపోతే 1, తరచూ ఉంటే 5. మొత్తం 10 దాటితే హింసగా అనుమానించాలి. మీ ఉత్తరాన్ని బట్టి నేను వేస్తే 2, 5, 3, 5. అంటే 15. ఇందులో మీ కార్డు సంగతి, పుట్టింటి సంగతి ఇంకా చేరనేలేదు. 2005 గృహహింస చట్టం వాటినీ వదల్లేదు. ఆర్థిక హింసను విడిగా చెప్పింది. ఆ చట్టం కింద నింపే నివేదికలో, ఫలానా మనిషిని కలవనివ్వకపోవడం మానసిక హింస వరుసలోనే ఉంది.

ఈ మార్కులు ఆయనకు చూపించి వాదనకు దిగకండి. జరిగినవి తేదీలతో రాసుకోండి, కానీ ఫోనులో వద్దు, ఇంట్లోనూ వద్దు. ఆ పుస్తకం బడిలో నమ్మకస్తురాలి దగ్గర ఉంచండి. బడి నుంచే, వేరొకరి ఫోనుతో మహిళల సహాయవాణి 181కు చేయండి. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రానికి వెళ్తే సలహా, న్యాయ సహాయం ఉచితంగా దొరుకుతాయి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ తర్వాత మీరే తేల్చుకోవచ్చు.

ఒక్క విషయం మీరు రాయలేదు. ఆయన ఎప్పుడైనా మీ గొంతు పట్టుకున్నారా? ప్రాణాపాయానికి అంతకంటే స్పష్టమైన హెచ్చరికలు తక్కువ. ఒక్కసారి జరిగినా సరే, తేదీలు రాసుకుంటూ ఆగకండి, ఈ రోజే ఇల్లు దాటండి.