కనాట్ ప్లేస్‌లో ఉద్యోగం.. అద్దె ఇల్లు ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయికి ఢిల్లీ కనాట్ ప్లేస్‌లో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి 9 లక్షలు, చేతికి నెలకు 65,000. చదువు రుణం వాయిదా 12,000. ఆఫీసుకు దగ్గరగా కరోల్‌బాగ్‌లో గది 22,000, జనక్‌పురిలో అయితే 15,000 అంటున్నారు. అద్దె ఎక్కువైనా హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) వల్ల పన్ను తగ్గుతుందని కరోల్‌బాగ్ అనుకుంటున్నాం. సరైనదేనా?
- ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు పన్ను సంగతి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఆదాయపు పన్ను పాత విధానంలోనే ఉంది. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో (జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం) కలిపి 12.75 లక్షల జీతం దాకా పన్నే పడదు. మీ అమ్మాయికి పన్ను ఎలాగూ లేదు కాబట్టి, దాని కోసం నెలకు 7,000 అద్దె ఎక్కువ కట్టక్కర్లేదు.

ఇక దూరం. మీ విజయవాడ బీసెంట్ రోడ్డులో పనిచేసేవాళ్లు గవర్నర్‌పేటలో ఇల్లు వెతుక్కుంటే అర్థముంది. బెంజ్ సర్కిల్ దాటి రావడమే పెద్ద పని. ఢిల్లీలో మెట్రో ఆ లెక్క మార్చేస్తుంది. మీరు చూసిన రెండు చోట్లూ బ్లూ లైన్ మీదే ఉన్నాయి. రైలు మారకుండా కనాట్ ప్లేస్ స్టేషనైన రాజీవ్‌చౌక్‌లో దిగొచ్చు. టికెట్ కరోల్‌బాగ్ నుంచి 21, జనక్‌పురి వెస్ట్ నుంచి 43. నెలకు 24 రోజులు రానుపోను 1,008, 2,064 అవుతాయి. స్మార్ట్‌కార్డు తీసుకుంటే పది శాతం తగ్గుతుంది. అంటే జనక్‌పురిలో ఉంటే టికెట్ల తేడా పోగా నెలకు 5,944, ఏడాదికి 71,328 మిగులుతుంది. దాదాపు ఆరు వాయిదాల సొమ్ము. అందుకు ఆమె ఇచ్చేది రోజుకు ముప్పావు గంట.

నా ఓటు జనక్‌పురికే, గది స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటేనే. రోజూ ఆటో ఎక్కాల్సొస్తే ఈ మిగులు కరిగిపోతుంది. ఆఫీసు రాత్రి పది దాటాక వదిలేటట్లయితే మాత్రం డబ్బు చూడకండి, కరోల్‌బాగ్‌లోనే ఉంచండి.

అద్దె కంటే ఎక్కువమంది మోసపోయేది కరెంటు దగ్గర. ఢిల్లీలో సబ్సిడీ ఉన్న ఇంటి మీటరుకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఒక ఇంటిని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చేచోట ఓనరు సబ్‌మీటరు పెట్టి, యూనిట్‌కు తనకు తోచిన రేటు వసూలు చేస్తాడు. మే, జూన్‌లలో ఏసీ తప్పదు. 300 యూనిట్లు కాలి, రేటు 9 రూపాయలైతే 2,700. గది ఒప్పుకునే ముందే మీటరు ఎవరి పేరున ఉందో, యూనిట్ రేటెంతో అడిగి అగ్రిమెంటులో రాయించండి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. అందులో లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎన్ని నెలలో, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో డిపాజిట్‌లో ఎంత కోస్తారో చూడండి. డిపాజిట్ బ్యాంకు ద్వారానే పంపండి. మొదటి నెల అద్దె, రెండు నెలల డిపాజిట్, బ్రోకరుకు ఒక నెల అనుకుంటే జనక్‌పురికి 60,000, కరోల్‌బాగ్‌కి 88,000 కావాలి. మొదటి జీతం పడేలోపు తిండి, తిరుగుడికి ఇంకో 20,000 ఆమె ఖాతాలో వేసి రైలెక్కించండి.