ట్యాబ్ తర్వాత కొందాం బిడ్డా

హన్మకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నీ మెసేజ్ చదివిన. డిజిటల్ మీడియా ఆర్ట్, అంటే ఫోన్, కంప్యూటర్లతోని చేసే కళ మీద ప్రాజెక్టు తీసుకున్ననని, టీచింగ్ ప్రాక్టీసుల ఎనిమిదో తరగతి పిల్లలకు అది ఎట్ల పనికొస్తదో చెప్పమని, ఏ ట్యాబ్ కొనాల్నో కూడ చెప్పమని ఒక్క ఊపిరిల అడిగినవ్. వాయిస్ పెడదామంటే మాట మధ్యల దగ్గు అడ్డం వస్తున్నది. అందుకే కూసొని రాస్తున్న.

ముందు ట్యాబ్ సంగతి. ఇప్పుడే కొనకు. బొమ్మ గీసుకునేటందుకు నీ ల్యాప్‌టాప్‌ల క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఏసుకో, పైస ఖర్చు లేదు. చేయి ఆగకపోతే తర్వాత తెర లేని చిన్న పెన్‌ట్యాబ్ చాలు, ఆ పలక మీద పెన్నుతోని గీస్తే గీత ల్యాప్‌టాప్ తెర మీద పడుతది. దానితోని మొదటి పదిహేను రోజులు ఏడుపొస్తది. చూపు తెర మీద, చేయి బల్ల మీద, రెండింటికీ పొంతన కుదరదు. రోజూ అరగంట గుండ్రాలు, గీతలు గీసుకుంట పోతే అదే కుదురుతది. బడిలకు మాత్రం నీ దగ్గరున్న ఫోనే పెద్ద సామాను.

ఇగ నేను చేసిన తప్పు చెప్త, నువ్వు చేయకు. నేను డ్రాయింగ్ సారుగ ఉన్నప్పుడు మా బడికి కొత్తగ ప్రొజెక్టర్ వచ్చింది. రామప్ప గుడి మీద అరవై స్లైడ్లు చేసిన. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు, 1213ల కట్టుడు, నీళ్ల మీద తేలే ఇటుకలు, పునాదిల ఇసుక, అన్నీ పెట్టిన. అక్షరాలు మూలమూల నుంచి తిరుక్కుంట వచ్చేటట్టు చేసిన. నాలుగు రాత్రుల పని. కిటికీలు మూసి, చీకటి చేసి చూపెట్టిన. ఆఖర్ల "ఏం నచ్చింది రా?" అని అడిగితే ముందు బెంచి పిలగాడు లేసి, "అక్షరాలు గిరగిర తిరుగుడు మంచిగున్నది సార్" అన్నడు. వెనక బెంచోళ్లు అప్పటికే నిద్రల ఉన్నరు.

వారం తర్వాత అవే బొమ్మలల్ల ఒక్కటి తీసుకొని, అందుల కూడ పాదం వరకే కోసి, తెర మీద పెట్టిన. మదనిక, అంటే గుడికి చెక్కిన ఆడమనిషి శిల్పం, దాని పాదం. నల్లరాయి. పేరు చెప్పలే, సంవత్సరం చెప్పలే. "పీరియడ్ అయిపోయేదాక గిదే గీయాలె" అన్న. పది నిమిషాలు గొణుక్కున్నరు. తర్వాత ఒక ఆడపిల్ల లేసి, "సార్, మడిమె కింద ఎత్తున్నది, అప్పట్ల హైహీల్స్ ఉండెనా?" అని అడిగింది. ఇగ చూడు, ఎవరు చెక్కిండ్రు, గంత నున్నగ ఎట్లొచ్చింది, గుడి ఎక్కడున్నది, ఎప్పుడు పోదాం అని నా మీద పడ్డరు. ప్రొజెక్టర్ అదే, పిల్లలూ వాళ్లే. మారిందల్ల నేను నోరు మూసుకున్నుడు.

అందుకే నీ ప్రాజెక్టుల "పిల్లలకు చూపించాను" అని రాసిన ప్రతి కాడ కొట్టేసి, "పిల్లలు చేశారు" అని రాయొస్తదా చూడు. రాకపోతే ఆ పాఠం మార్చు.

ఎక్కడ మొదలుపెట్టాలె అంటవా? చేర్యాల పటం నుంచి, అంటే బట్ట మీద కథ గీసిన పొడుగాటి బొమ్మల చుట్ట నుంచి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాల కలిసింది గని, చేర్యాల మన పాత వరంగల్ జిల్లదే. ఈ పటాలు గీసే నకాషీ వాళ్లు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తరు. ఆరినంక ఎర్రటి నేల మీద వరుసగ బొమ్మలు. ఒక గడి అయినంక ఇంకో గడి, మధ్యల పూల అంచు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పుకుంట, కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పుకుంట, ఆ పటాన్ని గడి తర్వాత గడి విప్పుతరు. నీ పుస్తకంల స్టోరీబోర్డు అని, కథను వరుస గడులల్ల గీసుకునుడు ఉన్నదే, అది మన ఊర్లల్ల కట్టెకు చుట్టి భుజాన మోసుకొని తిరిగిండ్రు. పిల్లలకు తమ ఊరి చెరువు కథనో, జాతర కథనో ఎనిమిది గడులల్ల గీయమని చెప్పు. ఒకడు పటం విప్పాలె, ఇంకొకరు ఫోన్‌ల తీయాలె, కథ మాత్రం వాళ్ల అమ్మమ్మతోని చెప్పిచ్చి రికార్డు చేసుకొని రమ్మను. మాటకు బొమ్మకు పొంతన కుదిర్చేకాడనే ఎడిటింగ్ అంటే ఏందో వాళ్లకు ఎరుకైతది.

రెండోది నాకు అన్నింటికన్న ఇష్టమైనది, బొమ్మలు కదిలిచ్చుడు. బతుకమ్మ రోజులల్ల చెయ్యి. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, ఒక్కొక్క తంగేడు పువ్వు పెట్టుడు, ఫొటో తీసుడు. చేయి కనబడకుండ జరగాలె. గునుగు వరుస రాంగనే ఇంకో ఫొటో. వరుసగ ఆడిస్తే బతుకమ్మ తనంతట తనే పేర్చుకుంటది. చూసిన పిల్లలు కేక పెడుతరు, నేను కూడ పెట్టిన. సినిమాల సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు పోతయి. మనకు సెకనుకు 12 ఫొటోలు చాలు, అంటే పది సెకన్లకు 120. ఈ లెక్క పిల్లలతోనే ఎక్కాలు చేయించి బోర్డు మీద రాయించు.

ఇందుల నేను దెబ్బలు తిని నేర్చుకున్నయి కొన్ని ఉన్నయి. ఫోన్ చేతుల పట్టుకోవద్దు, రెండు వైపుల ఇటుకలు పేర్చి, మీద చెక్క పెట్టి, చెక్క అంచున ఫోన్ ఆనించి, రబ్బరు బ్యాండ్ ఎయ్యి. తెర మీద వేలు పెట్టి గట్టిగ అదిమి పట్టు, వెలుతురు, ఫోకస్ రెండూ అక్కడనే ఆగుతయి. లేకపోతే మబ్బు పట్టినప్పుడల్ల బొమ్మ మిణుకుమిణుకు అంటది. ఫ్యాన్ బంద్ చేయాలె, తంగేడు రేకులు ఊగుతయి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల పెట్టు. నాకు తొంభయ్యో ఫొటో కాడ మీ పెద్దమ్మ ఫోన్ చేసింది, ఫోన్ వణికి పక్కకు జరిగింది, మళ్ల మొదటి నుంచి. ఇంకోటి, తంగేడు పగటిలి వరకు వాడిపోతది, మొదటి పీరియడే అడుగు. పాడైపోయిన ఫొటోలు డిలీట్ చేయనియ్యకు. మార్కులు ఏసేటప్పుడు నాకు ఆ పాడైనయే ఎక్కువ పనికొచ్చినయి, ఎవరు ఎన్నిసార్లు సరిచేసుకున్నరో అందులనే కనబడుతది.

కోడింగ్ అంటే భయం అన్నవ్. వాకిట్ల ముగ్గు ఏసెటోళ్లకు భయమెందుకు? 1970లల్ల మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల గిఫ్ట్ సిరోమని, రాణి సిరోమని వాళ్లు చుక్కల ముగ్గుకు వ్యాకరణం, అంటే గీసే నియమాలు రాసి, కంప్యూటర్ శాస్త్రంల చేర్చిండ్రు. వేరా మోల్నార్ అని హంగరీల పుట్టి పారిస్‌ల ఉన్న చిత్రకారిణి, 1968ల కంప్యూటర్ చేతికి రాకముందే, తనే యంత్రం అనుకొని, ఒక నియమం పెట్టుకొని దాని ప్రకారమే చేత్తోని గీసేది. నువ్వు కూడ తెర లేకుండనే మొదలుపెట్టు. ఒకరు వీపు తిప్పుకొని చెప్పాలె, ఇంకొకరు బోర్డు మీద ముగ్గు గీయాలె. "రెండు చుక్కలు దాటి కుడికి తిరుగు." ముగ్గు చెడిపోతే తప్పు చెప్పినోళ్లదా, గీసినోళ్లదా అని కొట్లాడుకోనియ్యి. తర్వాత అదే ముగ్గును స్క్రాచ్‌ల, అంటే పిల్లలు కోడింగ్ నేర్చుకునే ఉట్టి సాఫ్ట్‌వేర్‌ల గీయమను.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లనే కొట్టియ్యి, అదైతే ఏ కంప్యూటర్ల తెరిచినా అక్షరం అక్షరంలెక్కనే కనబడుతది. చౌరస్తల డీటీపీ షాపుల అను ఫాంట్ల కొట్టించుకుంటే ఇంకో కంప్యూటర్ల పిచ్చి గీతలైతయి. మండలి, రామభద్ర ఫాంట్లు ఉట్టిగనే దొరుకుతయి.

ఏఐ బొమ్మల గురించి అడిగినవ్. నేను కూడ రామప్ప అని అడిగి చూసిన, అరవ దేశం గోపురం లాంటిది నిలబెట్టింది. కోపం చేసుకోకు, అదే పాఠం చెయ్యి. పక్కన అసలు ఫొటో పెట్టి తప్పులు దొరకబట్టమను, పిల్లలు పోలీసోళ్ల లెక్క దొరకబడుతరు. ఇంకొక్క మాట, వీడియోలల్ల పిల్లల మొఖాలు వద్దు. చేతులు చాలు. ఆడపిల్లల తల్లిదండ్రులను అడగకుండ ఏ గ్రూపుల పెట్టకు.

వచ్చే శనివారం పొద్దుగాలనే రా. చింతగింజలు శుక్రవారమే నానబెడుత, నాలుగు గజాల ఖాదీ బట్ట నువ్వు తెచ్చుకో. నీ ఛార్జర్ మర్చిపోకు, మా ఇంట్ల ఉన్నది పాత పిన్ను.

నీ పెద్దబాపు