పులిగోరు, పానకాల కోతి, పురిటికొచ్చిన చేప

పోయిన నెల నాగుల చవితి గురించి ఇక్కడే రెండు ముక్కలు రాశాను, పుట్టలో పాలు పోస్తే పాముకి మేలు కాదని. దాని ఫలితం ఇది. వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ సగానికి పైగా జంతువుల మీదే, వాటిలో సగం తిట్లు. తిట్లకి తర్వాత చెబుతాను, ముందు ప్రశ్నలు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాళ్ల ఆఫీసులో ఒకాయన సెలవు పెట్టి బాతుల వేటకి వెళ్లాడట. "చూశావా, వాళ్లది చంపే సంస్కృతి, మనది పూజించే సంస్కృతి" అన్నాను. వాడు నవ్వి "నాన్నా, ఓసారి కొల్లేరు వెళ్లొచ్చి మాట్లాడు" అన్నాడు. వాడి మాటలో నిజం ఎంత?
— ఒక రిటైర్డ్ టీచర్, పటమట, విజయవాడ

జవాబు: మాస్టారూ, ఏమనుకోకండి, నేను మీ అబ్బాయి వైపే. ముందు ఆ బాతుల వేటగాడి సంగతి చూద్దాం. అమెరికాలో 1934 నుంచి డక్ స్టాంప్ అని ఒకటుంది. 16 ఏళ్లు నిండినవాళ్లు ఎవరు బాతుల్ని వేటాడాలన్నా ఏటా అది కొనాల్సిందే, ఇప్పుడు దాని ధర 25 డాలర్లు. ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొంటారు, లేదా ఆ భూమి ఉన్న రైతుతో ఒప్పందం రాయించుకుని పక్షులకి వదిలేయిస్తారు. అలా ఇప్పటికి 60 లక్షల ఎకరాలు దాటింది. అంటే బాతుని కాల్చేవాడే బాతుకి చెరువు కొనిపెడుతున్నాడు. నాకు తుపాకీ అంటేనే పడదు, అయినా లెక్క లెక్కే కదా.

ఇప్పుడు మన కొల్లేరు. మనం తుపాకీ పట్టలేదు, నిజమే. సరస్సు లోపల గట్లు పోసుకుని చేపల చెరువులు తవ్వుకున్నాం, అంతే! 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక, రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెంచారు, ఆ తర్వాత కొన్నిచోట్ల మళ్లీ గట్లు లేచాయి. పక్షికి మన చేతిలో దెబ్బ తగల్లేదు గానీ దిగడానికి నీళ్లు తగ్గాయి. ఆ చెరువుల చేప నేనూ తిన్నాను, కాబట్టి గొంతు పెంచి మాట్లాడే హక్కు నాకూ లేదు.

అలాగని అమెరికావాళ్లు పత్తిత్తులేం కాదు. ఒకప్పుడు ఆకాశం నల్లబడేలా ఎగిరిన ప్యాసింజర్ పావురాల్ని కాల్చి, వలలేసి, పీపాల్లో కుక్కి అమ్ముకున్నారు. చివరి పావురం మార్తా సిన్సినాటి జూలో 1914 సెప్టెంబరు 1న చచ్చిపోయింది, దాంతో ఆ జాతే పోయింది. మన దగ్గరా అంతే. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు మూడు చీతాల్ని కాల్చాడు, మన దేశంలో చివరివి అవేనంటారు. 1952లో ఇక లేవని ప్రకటించారు. మళ్లీ 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది.

నన్నడిగితే జంతువుతో చుట్టరికం కలుపుకోవడం వేరు, ఆ చుట్టానికి మర్యాద చేయడం వేరు. మర్యాదంటే మన చేతి చమురు వదిలేది. ఈ రెండూ కలిసిన కథ ఒకటి గుజరాత్ తీరంలో ఉంది. అక్కడ వేల్ షార్క్ అనే చేప వస్తుంది, మన సిటీ బస్సంత ఉంటుంది, మనిషిని ఏమీ చేయదు. జాలర్లు దాన్ని పట్టి కాలేయం నూనె తీసేవాళ్లు, పడవ చెక్కకి పూస్తే నీళ్లు దిగవు. తర్వాత మాంసానికి ఎగుమతి గిరాకీ వచ్చి వందల్లో పట్టారు. 2001లో వన్యప్రాణి చట్టంలో చేర్చి నిషేధించారు. చట్టం సంగతి మనకి తెలిసిందేగా, సముద్రం మధ్యలో కానిస్టేబుల్ ఉండడు. 2004లో రామకథ చెప్పే మొరారీ బాపు ఆ జాలర్ల దగ్గరికి వెళ్లి ఒకే మాట చెప్పారు: ఇది మీ ఆడపిల్ల, పురిటికి పుట్టింటికి వచ్చింది, పుట్టింటికొచ్చిన పిల్లని చంపుతారా? దానికి వ్హాలీ అని పేరు పెట్టారు, అంటే ముద్దుల పిల్ల అన్నమాట. ఆ తర్వాత వలలో వేల్ షార్క్ పడితే జాలర్లు తమ వల తామే కోసి వదిలిపెట్టడం మొదలుపెట్టారు. వల అంటే ఏమిటో నిజాంపట్నం రేవులో ఎవర్నడిగినా చెబుతారు, అప్పు చేసి కొన్న ఆస్తి. దాన్ని కత్తితో కోయాలి! అందుకే కోసిన వలకి ప్రభుత్వం పరిహారం కూడా పెట్టింది. పురిటి మాట ఎంత పనిచేసిందో ఈ పరిహారమూ అంత పనిచేసిందని నా అనుమానం.

వియత్నాం జాలర్లయితే ఇంకో అడుగు ముందుకేశారు. తిమింగలం చనిపోయి ఒడ్డుకి కొట్టుకొస్తే మనిషికి చేసినట్టే అంత్యక్రియలు చేస్తారు, మొదట చూసినవాడు పెద్దకొడుకు స్థానంలో తలపాగా చుట్టుకుని మైల పడతాడు. అదే తిమింగలాన్ని జపాన్ వేటాడుతుంది, దానికోసం అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ నుంచి 2019లో బయటికి కూడా వచ్చేసింది. ఆ జపాన్‌లోనే నారా ఊళ్లో జింకలు దేవుడి దూతలు, రోడ్డు మీద తిరుగుతుంటాయి, వాటిని పల్లెత్తు మాట అనరు. కాబట్టి మాస్టారూ, ఒక దేశానికి ఒకటే సంస్కృతి అని గీత గీస్తే ఎక్కడా నిలవదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, ఇది మీ అబ్బాయికి కూడా చెప్పండి. నాగాలాండ్‌లో దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర 2012లో అమూర్ డేగల్ని వలలేసి లక్షకి పైగా పట్టి తిన్నారు, అమ్ముకున్నారు. గుప్పెడంత పిట్ట, 150 గ్రాములుంటుందేమో, ఉత్తర చైనా, సైబీరియా వైపు నుంచి దక్షిణాఫ్రికా దాకా ఎగురుతుంది, దారిలో అక్కడ దిగుతుంది. దేశమంతా గోల లేచింది. మరుసటి ఏడాది 2013లో అదే ఊళ్లవాళ్లు వలలు చుట్టేసి కాపలా కూర్చున్నారు. మాంసం తినే జనం, వేట తెలిసిన జనం, ఒక్క ఏడాదిలో మానేశారు. మనం పుట్టల్లో పాలు పోయడం ఎన్నేళ్లకి మానతామో చూడాలి.

ప్రశ్న: కొండ మీద గుడికి వెళ్లినప్పుడల్లా కోతులకి అరటిపళ్లు పెడతాను, ఆంజనేయస్వామికి పెట్టినట్టేనని. మొన్న ఒకటి నా చేతిసంచీ లాక్కుని మనవరాలి చెయ్యి గీరింది. అబ్బాయి ఇక పెట్టొద్దంటున్నాడు. పాపం కాదా?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మనవరాలికి రేబిస్ టీకా వేయించారా? గీరుడే కదా అని వదిలేయకండి, ఇది చదివిన రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక పాపం సంగతి. మంగళగిరి పానకాలస్వామి మెట్ల మీద ఒకసారి ఒక కోతి నా కళ్లజోడు తీసుకుని గోడెక్కి కూర్చుంది. కొబ్బరిచిప్ప చూపించాక కళ్లజోడు కింద పడేసి చిప్ప తీసుకుంది. దాని మొహంలో కోపం లేదు, భయం లేదు, షాపులో చిల్లర తీసుకునేవాడిలా ఉంది. ఆ బేరం దానికి నేర్పింది మనమే. అడవిలో రోజంతా ఆకూ కాయా వెతుక్కునే జంతువుకి పది నిమిషాల్లో కడుపు నిండితే పిల్లలు ఎక్కువ కంటుంది, గుంపు పెరుగుతుంది, కొండ చాలక ఇళ్ల మీదికీ పెరటి జామచెట్ల మీదికీ దిగుతుంది. థాయ్‌లాండ్‌లో లోప్‌బురి అనే ఊళ్లో 1989 నుంచి ఏటా కోతులకి పళ్ల విందు పెడుతూ టూరిస్టుల్ని పిలిచారు. చివరికి షాపులు మూసుకునే పరిస్థితి వచ్చి 2024లో బోనులు పెట్టి కోతుల్ని పట్టుకెళ్లారు.

ఇందాక చెప్పిన నారాలో జింకలకి తిండి పెట్టొచ్చు గానీ ఒక్కటే రకం, వాటికోసం పంచదార లేకుండా చేసిన బిస్కెట్లు, వాటి అమ్మకం డబ్బు జింకల సంరక్షణకే పోతుంది. అంత పద్ధతిగా ఉన్నా 2019లో చనిపోయిన జింకల కడుపుల్లో ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి, ఒకదాని కడుపులో 4 కిలోలకి పైగా. అరటిపళ్లు గుళ్లో స్వామికి పెట్టండి, ప్రసాదం మనవరాలికి పెట్టండి. సంచీలో పెట్టుకుని జిప్ వేసుకుని దిగండి.

ప్రశ్న: పాలు పోయొద్దని రాయడం సులువు. పొలంలో గట్టు మీద తాచు పడగెత్తితే చంపకుండా ఏం చేయమంటారు? మీరు ఏసీ గదిలో కూర్చుని రాస్తారు.
— ఒక కౌలు రైతు, తెనాలి దగ్గర పల్లె

జవాబు: ఏసీ లేదండీ, ఫ్యానే, అది కూడా కరెంటు ఉంటే. కానీ మీ కోపం న్యాయమైనదే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా, అంటే ఏటా 58 వేలు. వాళ్లలో ఎక్కువమంది మీలాంటి పల్లెజనమే, కాలికీ చేతికీ కాటు పడినవాళ్లే.

నాకు అర్థం కానిది ఒకటుంది. చవితి నాడు పుట్టకి దణ్ణం, మర్నాడు అదే తాచు గట్టు మీద కనిపిస్తే కర్ర. పాము పాలు తాగే జంతువు కాదు. పాములవాడి బుట్టలోది తాగిందంటే రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టి ఉంటాడు. పుట్టలో పోసిన పాలూ గుడ్లూ చీమల్ని పిలుస్తాయి, అంతే.

తమిళనాడు ఇరుళర్ల గురించి వినండి. తరతరాలుగా పాముల్ని పట్టి చర్మం అమ్ముకుని బతికేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. 1978లో చెన్నై దగ్గర వాళ్లకోసం ఒక సహకార సంఘం ఏర్పడింది. పాముని పట్టి, మట్టికుండలో కొన్ని వారాలు ఉంచి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు చేస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రిలో పాముకాటుకి ఎక్కించే ఇంజక్షన్ అదే. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ పనిచేస్తుంది. 2023లో ఆ ఇరుళర్లలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, పద్మశ్రీ అందుకున్నారు. పాముని పూజించమని వాళ్లు ఎవరికీ చెప్పరు, చంపమనీ చెప్పరు. దాని పద్ధతి వాళ్లకి తెలుసు.

మీ పొలానికైతే నా మాట ఇది: చీకట్లో టార్చి, కాలికి గంబూట్లు, వరి మోపు ఎత్తేముందు కర్రతో ఒక తట్టు. తాచు పడగెత్తిందంటే దూరంగా పొమ్మని చెబుతోంది, మీరు నాలుగడుగులు వెనక్కి వేస్తే అది కూడా పోతుంది. కర్ర ఎత్తి దగ్గరికి వెళ్లినప్పుడే కాట్లు ఎక్కువ పడతాయి. రక్తపింజరిని చూసి కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకునేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి. కాటు పడితే కోయొద్దు, కట్టు బిగించొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గర గంట వృథా చేయొద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్.

ప్రశ్న: మా ఇంట్లో రామచిలుక ఉంది, పంజరంలోనే పెరిగింది, అమ్మా అని పిలుస్తుంది. పక్కింటి అంకుల్ కేసు పెడతారని టెన్షన్ పెడుతున్నారు. నిజమా?
— ఇంటర్ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నిజమేనమ్మా. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరమే, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. జోస్యం చిలుక కూడా ఇందులోకే వస్తుంది. అలాగని గబుక్కున పంజరం తలుపు తీసి వదిలేయకు, రెక్కల బలం లేని పిట్టని కాకులు సాయంత్రంలోపు చంపేస్తాయి. అమ్మానాన్నతో అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లి అప్పగించు.

ప్రశ్న: మా నాయనమ్మ ఇచ్చిన పులిగోరు లాకెట్టు ఉంది, బంగారం కట్టించినది. మనవడికి వేద్దామంటే కోడలు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కోడలు తెలివైన పిల్ల. ఇలాంటివి ఉన్నవాళ్లు చెప్పుకోమని 2003లో కేంద్రం 180 రోజులు గడువిచ్చింది, అది ఎప్పుడో దాటిపోయింది. సర్టిఫికెట్ లేని అసలు పులిగోరు ఇంట్లో ఉండటమే చిక్కు, మెడలో వేసి ఫొటో పెట్టారంటే ఇంకా చిక్కు. ఒక లాయర్‌ని అడిగి, అటవీ శాఖకి అప్పగించే దారి చూసుకోండి. మార్కెట్‌లో తిరిగేవి చాలావరకు గేదె కొమ్ముతో చేసినవే, మీదీ అదే అయితే అదృష్టవంతులు.

పులి ధైర్యం పిల్లాడికి రావాలంటారా, దసరాకి పులి వేషం కట్టించండి. అసలు పులులు మనకి మరీ దూరం కాదు. మాచర్ల దాటి వెళితే నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి, దేశంలో విస్తీర్ణంలో అదే పెద్ద టైగర్ రిజర్వ్. అక్కడి చెంచులకి మల్లన్న అల్లుడు, వాళ్ల పిల్లని చేసుకున్నాడని. ఆ అడవి బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చెంచు కుర్రాళ్లే ఎక్కువ, పులి అడుగుజాడ చూసి ఎటు పోయిందో చెబుతారు. వాళ్ల మెడలో పులిగోరు నేనైతే చూడలేదు.

ప్రశ్న: ఉప్పలపాడు పక్షుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?
— గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: చలికాలం ఉదయాన్నే వెళ్లండి. పెదకాకాని మండలం, మీకు పక్కనే. ఊరి చెరువు మధ్య సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, కొమ్మకి చోటు లేనంతగా. గూడబాతు తన గొంతుసంచిలోంచి పిల్లకి చేప తినిపించడం చూడండి, పిల్ల తల మొత్తం తల్లి నోట్లోకి వెళ్లిపోతుంది, మా పక్కన ఒక చిన్నాడు "మింగేసింది!" అని ఏడ్చాడు. ఒకప్పుడు ఊరివాళ్లు వాడుకున్న చెరువు అది, పక్షులకి వదిలేశారు. ఆ వాసన భరించేది కూడా ఊరివాళ్లే. తమిళనాడులో వేట్టంగుడి చెరువుల పక్క ఊళ్లవాళ్లు ఈ పిట్టలు బెదురుతాయని దీపావళికి టపాసులు కూడా కాల్చరు. మీరు చప్పట్లు కొట్టి ఎగరేయకుండా ఉంటే చాలు.

బైనాక్యులర్స్ ఉంటే మంచిది. చేతిరుమాలు తప్పనిసరి, టోపీ కూడా. టోపీ ఎందుకో చెట్టు కింద రెండు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.