నెల ఒకటో తారీఖు ఎట్ల తీయాలె?

ప్రశ్న: సార్, మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల లెక్కలు చూస్త. మాది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఏ తేదీ ఇచ్చినా ఆ నెల ఒకటో తారీఖు రావాలె, నెలవారీ వడ్ల రిపోర్టు కోసం. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌ల ఈ పనికి ఉండే డేట్_ట్రంక్ ఫంక్షన్ ఇక్కడ నడుస్తలేదు. ఎట్ల?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, మైఎస్‌క్యూఎల్‌ల ఆ ఫంక్షన్ లేదు, కానీ లాస్ట్_డే ఉంది, గది చాలు. లాస్ట్_డేతోని నెల ఆఖరి తారీఖు తీసి, ముందు ఒక రోజు కలుపు, తర్వాత ఒక నెల తియ్యి. ఈ వరుస మాత్రం మార్చకు, ఎందుకంటే ఫిబ్రవరి 28 నుంచి ముందే నెల తీస్తే జనవరి 28 వస్తది, దానికి రోజు కలిపితే జనవరి 29, రిపోర్టు మొత్తం ఖరాబ్. డేట్_ఫార్మాట్‌తోని రోజు జాగల 01 పెట్టి కూడా తీయొచ్చు గానీ వచ్చేది తేదీ కాదు, టెక్స్ట్, మళ్ల డేట్‌గా మార్చుకోవాలె.

అసలు జాగ్రత్త ఇంకోటుంది. నీ కాలమ్‌ల టైం కూడా ఉంటే మార్చి 1 నుంచి 31 దాక అని బిట్వీన్ పెట్టకు, 31 అంటే డేటాబేస్‌కు ఆ రోజు 00:00 గంటలే, ఆనాడు పొద్దుగాల దిగిన వడ్ల లారీలన్నీ లెక్కల నుంచి ఎగిరిపోతయి. మార్చి 1 నుంచి మొదలుపెట్టి ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయి. కండిషన్‌ల కాలమ్ మీద ఫంక్షన్ వెయ్యకు, జల్ది వెతకనీకి పెట్టుకున్న మామూలు ఇండెక్స్ ఉన్నా పనికిరాదు, క్వెరీ స్లో అయితది.